చలికాలపు సరుకు

మాది సీజను వ్యాపారం. ఎండాకాలంలో ఫ్యాన్లు, వానాకాలంలో గొడుగులు, చలికాలంలో దుప్పట్లు. ఇందులో నేర్చుకోవలసింది ఒక్కటే. కొట్లో ఒక కాలం నడుస్తుంటే బుర్రలో ఇంకో కాలం నడవాలి. వాన కురుస్తుండగా గొడుగు కొనేవాడు గిరాకీ. అదే వానలో దుప్పట్లు కొనేవాడు వ్యాపారి.

నా భార్య పోయాక నా బుర్రలో రెండో కాలం ఆగిపోయింది.

కొట్లో గల్లా దగ్గర కూర్చునేది ఆవిడే. నేను గోడౌను, బేరాలు, బయటి తిరుగుడు చూసుకునేవాణ్ణి. రంగుల ఎంపిక మాత్రం నాకు వదిలేది కాదు. "మీకు వదిలేస్తే అన్నీ మీ మొహం రంగు దుప్పట్లే తెస్తారు. ఊరంతా సంతాపసభలా ఉంటుంది," అనేది. ఆ మాట గిరాకీల ముందే అనేది. వాళ్ళు నవ్వుతూ ఇంకో దుప్పటి కొనేవాళ్ళు. ఆవిడ ఎగతాళి కూడా మాకు ఆదాయమే.

జబ్బు చేసి మెట్లెక్కలేని స్థితి వచ్చాక ఆవిడ ఇంట్లో ఉండిపోయింది. అప్పుడు మా మరదలు, అంటే ఆవిడ చెల్లెలు, ఒక ఆటపెట్టె తెచ్చి పడకగదిలో టీవీకి తగిలించింది. మరదలు కళ్ళద్దాల కొట్లో పని చేస్తుంది. మనిషి కంటే ముందు ఆమె నోరు వస్తుంది. "అక్కా, నీకు మనుషుల మీద పెత్తనం లేకపోతే ఊపిరాడదు. ఇదిగో, ఓ ఊరు తెచ్చాను," అంది.

ఆ ఆటలో ఒక చిన్న పొలం, ఒక ఇల్లు, కోళ్ళ పాక, గడ్డి కొట్టం, పక్కన వాగు, వాగు మీద వంతెన, వంతెన అవతల నలుగురు మనుషుల ఊరు. పొద్దున్నే లేచి పొలం పని చేసుకోవాలి, సాయంత్రం ఇంటికొచ్చి పడుకోవాలి. పడుకుంటేనే ఆట ఆ రోజును దాచుకుని మర్నాటికి వెళుతుంది. గెలవడం, ఓడడం ఏమీ లేదు.

"నేలా లేదు, నాగలీ లేదు. సాగు మాత్రం తెగ చేస్తున్నావే," అన్నాను ఒకరోజు.

"మీ కొట్టు కంటే నయం. ఇక్కడెవరూ బేరమాడరు," అంది తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

వంతెన మీద ఒక ముసలి జాలరి ఉండేవాడు. వాడితో మాట్లాడితే తెర మీద అక్షరాలు పడతాయి. ఆవిడ వాటిని జాలరి గొంతు పెట్టి పైకి చదివేది. కొట్టు కట్టేసి వచ్చి నేను బూట్లు విప్పుకుంటుంటే, లోపలి నుంచి ఆ బొంగురు గొంతు వినబడేది: "గాలి మారిందమ్మాయ్, జాగ్రత్త!" నేను నవ్వేవాణ్ణి. ఇంట్లో అంతకుమించి నవ్వుకోవడానికి ఏమీ ఉండేది కాదు అప్పటికే.

ఆస్పత్రికి బయల్దేరిన రోజు కూడా ఆట దాచుకుని, కంట్రోలరు దిండు పక్కన పెట్టి లేచింది. "సాయంత్రానికి వచ్చేస్తాను. దీన్ని కదపకండి," అంది. రాలేదు.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక ఇంట్లో చప్పుడు లేకుండా పోయింది. ఫ్రిజ్ ఆగినప్పుడు కూడా ఉలిక్కిపడేవాణ్ణి. ఏదో ఒక చప్పుడు కావాలని ఆ ఆట పెట్టాను. ఆవిడ గదిలో కూర్చుంటే రోజూ వినబడే పాటే అది, మాటల్లేని పాట. కంట్రోలరు చేతిలోకి తీసుకుంటే, ఎడమవైపు ప్లాస్టిక్ మీద ఆవిడ బొటనవేలు ఆనిన చోట నున్నగా అరిగి ఉంది. నా వేలు దానికి పెద్దదైంది. అయినా అక్కడే పెట్టాను.

తెర మీద తెల్లారింది. ఆవిడ ఆడించే బొమ్మ మంచం మీద నుంచి లేచింది. తలుపు తీస్తే పొలం నిండా పసుపు పూలు. ఆ పూల పేరు ఆటవాళ్ళు పెట్టిందే, నాకు నోరు తిరగదు. ఒక్కో మొక్కకూ ఆవిడే నీళ్ళు పోసి పెంచింది. కోళ్ళు బయటికొచ్చి గడ్డిలో తిరుగుతున్నాయి. వంతెన మీదికి వెళితే జాలరి అదే మాట అన్నాడు, గాలి మారిందని. అక్షరాలు పడ్డాయి. నా చెవిలో మాత్రం ఆవిడ గొంతు పడింది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి గుండె మీది రాయి కాస్త పక్కకు జరిగింది. మీద నుంచి పోలేదు, జరిగిందంతే.

సాయంత్రం దీపాలు వెలిగే వేళకు తెర మూల తేదీ చూశాను. ఆ కాలానికి అదే ఆఖరి రోజు. బొమ్మను పడుకోబెడితే తెల్లారేసరికి చలికాలం వస్తుంది. ఆటలో చలికాలం అంటే మంచు. మంచు పడితే పొలంలో ఒక్క పూవు మిగలదు. మరదలు చెప్పగా విన్నాను ఎప్పుడో.

పడుకోబెట్టలేదు. అలాగే స్విచ్చి కట్టేశాను.

మర్నాడు పెడితే మళ్ళీ అదే ఉదయం, అవే పూలు, అదే జాలరి. దాచుకోని రోజు ఆటకు జరగనట్టే లెక్క. నాకు అప్పుడు అర్థమైంది, ఎంత గొప్ప బేరం నా చేతికి వచ్చిందో. వాడుకున్న సరుకును వాపసు తీసుకుని, మడత నలగని కొత్తది మళ్ళీ చేతికిచ్చే కొట్టు లోకంలో ఎక్కడా లేదు. నాకు దొరికింది. ఆవిడ ఆఖరి రోజు. ఖర్చవదు, తరగదు.

అక్కణ్ణుంచి నేను మనిషిలా బతకలేదు. పొద్దున కొట్టు తీసి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసేవాణ్ణి. తర్వాత తాళాలు గుమాస్తాకు ఇచ్చేశాను. అతను మంచివాడే కానీ గిరాకీ వస్తే భయపడతాడు. వానలు పోయి గాలి పొడిగా వీస్తున్నా మా కొట్టు ముందు గొడుగులే వేలాడుతున్నాయి. ఎదురు కొట్టువాడు దుప్పట్లు పరిచేశాడు. ఇంతకు ముందైతే నాకు ఆ రాత్రి అన్నం దిగేది కాదు. ఇప్పుడు చూసీ చూడనట్టు పోయాను. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆట ముందే తినేవాణ్ణి. ఏం తిన్నానని ఎవరైనా అడిగితే చెప్పలేను. జాలరి ఏమన్నాడని అడిగితే చెబుతాను.

ఒకటి మాత్రం నా వ్యాపారి బుద్ధికి నచ్చేది కాదు. గడ్డి కొట్టం పైకప్పు దాకా ఎండుగడ్డి, తలుపు పక్కన కట్టెల మోపులు. "బయట పచ్చగడ్డి ఉండగా ఈ ఎండుగడ్డి ఎందుకే? చోటు దండగ," అని తెరతో వాదించేవాణ్ణి. ఆవిడ ఉంటే ఏదో ఒకటి అనేది. ఆ అనేదేమిటో ఊహించుకోవడం కూడా ఒక కాలక్షేపం.

మరదలు వారం వారం వచ్చేది. వచ్చి, మంచం చివర కూర్చుని కాసేపు తెర చూసి, నా మీద పడేది.

"బావా, ఇదేంటి, పోయినసారి కూడా ఇదే రోజు ఆడుతున్నావ్?"

"ఆడుతున్నా."

"అంతకు ముందు?"

"ఇదే."

"పడుకోబెట్టవా?"

"పడుకోబెడితే పూలు పోతాయి."

ఆమె గొంతు పెంచింది. "పోయింది అక్క, బావా. పూలు కాదు!"

"పూలు ఉన్నాయి కదా. అంతవరకు మిగులు," అన్నాను.

"మిగులంట! కొట్టు మునుగుతోంది, నువ్వు చీపురు పుల్లలా అయ్యావు, ఇక్కడ కూర్చుని మిగులు చూసుకుంటున్నావు. అక్క ఉంటే చీపురు తిరగేసేది."

"ఉంటే," అన్నాను.

ఆమె లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా తోమింది. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, ఇంకోసారి తెర వైపు చూసి వెళ్ళింది.

ఒక మధ్యాహ్నం దుప్పట్ల ఏజెంటు వచ్చాడు. ప్రతి సరుకునూ "మెత్తన, అన్నగారూ, వెన్న" అని అమ్ముతాడని మా ఆవిడ అతనికి మెత్తన్న అని పేరు పెట్టింది. కొట్టు దగ్గర నేను లేనని తెలిసి, రెండు మూటలు భుజాన వేసుకుని ఇంటికే వచ్చేశాడు. ఆటలో అప్పుడు ఎండ వాలుతోంది. ఆట ఆపి ఉంచడానికి ఒక బటన్ ఉంది. నొక్కలేదు. ఒక్క మాటలో పంపేద్దామనుకుని కంట్రోలరు దిండు మీద పెట్టి ముందుగదిలోకి వచ్చాను.

"ఈసారి వద్దయ్యా. వెళ్ళు."

"కొనొద్దు అన్నగారూ. ముట్టుకోండి. అమ్మగారుంటే ముట్టుకునేవారు." మూట విప్పి ఒకటి నా చేతుల్లో పడేశాడు. "మెత్తన. మూడు వంతులు ఉన్ని."

నా వేళ్ళు నన్ను అడక్కుండానే అంచు నుంచి పోగు లాగాయి. నలిపాను. చెవి దగ్గర పెట్టుకుంటే నకిలీ పోగు గరగర వినబడింది. "ఇందులో ఉన్ని ఉందా? ఉన్ని పక్కింట్లో కాపురముంది. అంతే."

"అంత మాటనకండి, పిల్ల దుప్పటి, మనసు కష్టపెట్టుకుంటుంది."

"కుట్టు చూడు, ఒక ఉతుకుకి అత్తారింట్లోంచి వచ్చేసినట్టు వచ్చేస్తుంది. ధర చెప్పు."

చెప్పాడు.

"సగం పోగులకు పూర్తి ధరా? ఉన్ని ఉన్న సగం నాకిచ్చి, లేని సగం నువ్వు కప్పుకో."

"అన్నగారూ, మీరు మాట్లాడుతుంటే దుప్పటికే చలేస్తోంది!"

నవ్వాను. గట్టిగా నవ్వాను. అతనూ నవ్వాడు. రెండో మూట విప్పాడు, నేను నేల మీద బాసింపట్టు వేసుకున్నాను. అతను ధరలో ఒక మెట్టు దిగాడు, నేను లేచి పోబోయినట్టు నటించాను, అతను కాలు పట్టుకున్నట్టు నటించాడు. చాలా కాలం తర్వాత నా ఒంట్లో నెత్తురు కదిలింది. నెగ్గుతున్న బేరం మధ్యలోంచి లేచిపోయే వ్యాపారి ఇంకా పుట్టలేదు. ఇంకొక్క మెట్టు దిగితే ఖాయం చేద్దామనుకుంటున్నాను.

లోపల పాట మారింది.

ఆ పాట నేనెప్పుడూ వినలేదు. గంటలు మోగుతున్నట్టు, నెమ్మదిగా. లేచి పరుగెత్తాను. తెర అంతా తెల్లగా ఉంది. ఆటలో అర్ధరాత్రి దాటినా ఇంటికి చేర్చకపోతే బొమ్మ ఉన్నచోటే సొమ్మసిల్లిపోతుంది. ఊరివాళ్ళు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెడతారు. పడుకోబెట్టారు కాబట్టి ఆట ఆ రోజును దాచుకుంది. తెల్లారిపోయింది. ఆటలో తలుపు తీశాను. పూలు ఉన్న చోట నల్లటి కాడలు, వాటి మీద మంచు.

"ఏమైంది అన్నగారూ? ఎవరైనా..." మెత్తన్న గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో దుప్పటితో.

ఏమన్నానో గుర్తులేదు. అతని మూటలు వీధిలోకి విసిరేశాననీ, ఒక దుప్పటి మురుగు కాలవలో పడిందనీ తర్వాత తెలిసింది. అతను అన్నీ ఏరుకుని వెళ్ళిపోయాడట.

మరదలు పని మధ్యలోంచి వచ్చింది. నేను ఫోన్లో ఏడ్చిన ఏడుపుకి ఇంకెవరో పోయారనుకుందట. పెట్టె కలిపి, విప్పి, అన్నీ చూసింది.

"వెనక్కి తీసుకురావచ్చా?" అన్నాను.

"దాచుకునే చోటు ఒకటే బావా. కొత్తది పాతదాని మీద పడుతుంది."

"చేసిపెట్టేవాళ్ళు ఎవరో ఉంటారు. కనుక్కో. ఏమడిగినా ఇచ్చేద్దాం. కొట్టు అడిగినా సరే."

"ఇస్తావులే. తీసుకునేవాడేడీ?"

"ఎక్కడైనా ఉంటాడే. అమ్మేవాడు లేని సరుకు ఉండదు."

"ఉంది బావా," అంది. నేల మీద కూర్చుని కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "నేను వారం వారం వచ్చేది నీ కోసమే అనుకున్నావా? ఆ పూల కోసం రాలేదూ?"

అంతకాలం ఆమెను నా మీద కాపలా అనుకున్నాను. ఆమె కూడా నాలాగే ఆ కొట్టుకు గిరాకీ అని నాకు తట్టలేదు.

తర్వాతి రోజులు చెప్పుకోదగ్గవి కావు. టీవీకి ఆవిడ చీర కప్పేశాను. మంచం దిగలేదు. కొట్టు మూసేయాలనుకునే వ్యాపారి అన్నీ కలిపి చూసుకుంటాడు: ఎంత పెడుతున్నాం, ఎంత వస్తోంది, నడిపితే లాభమా, ఎత్తేస్తే లాభమా అని. నేను ఆ లెక్క కొట్టు మీద వేయలేదు. నా మీద వేసుకున్నాను. ఎలా కూడినా ఎత్తేయడమే లాభమని వచ్చింది. మరదలికి ఏం అనుమానం వచ్చిందో, ఉద్యోగానికి సెలవు పెట్టి ముందుగదిలో చాప వేసుకుంది. ఇంట్లో ఉన్న కత్తిపీట కూడా కనబడకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం చీర తీశాను. ఆశతో కాదు. గోడౌను తగలబడ్డవాడు బూడిద చూడడానికైనా ఒకసారి వెళతాడు. అలా.

మంచు. నల్లటి కాడలు. వంతెన మీద జాలరి లేడు. పొలం దాటి పాక వైపు వెళ్ళాను. కోళ్ళు బయటికి రాలేదు. లోపల వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతి కోడి తల మీదా ఒక చిన్న గుర్తు, ఖాళీ గిన్నె బొమ్మ. ఆకలి అని. మేతతొట్టి ఖాళీ. మంచు పడితే గడ్డి ఉండదు, గడ్డి లేకపోతే ఆ ఆటలో కోళ్ళకు మేత ఉండదు.

అప్పుడు గుర్తొచ్చింది గడ్డి కొట్టం.

తలుపు తీసి నిలబడ్డాను. రోజూ చూసిన గదే. చోటు దండగ అని తిట్టిన గదే. ఈసారి వ్యాపారి కంటితో చూశాను. పైకప్పు దాకా ఎండుగడ్డి. తలుపుకు దగ్గరగా, మంచులో దూరం నడవక్కర్లేకుండా కట్టెలు. మూల చెక్కపెట్టె మూత తీస్తే, ఆ పసుపు పూల విత్తనాలు, వచ్చే కాలానికి, విడిగా తీసిపెట్టి ఉన్నాయి. ఇది కూడబెట్టడం కాదు. ఇది సీజను ముందు నింపిన గోడౌను. జీవితమంతా నేను చేసిన పనే. ఎదురుగా ఉంటే గుర్తుపట్టలేకపోయాను.

నేను సరుకు అనుకున్న పూలు ఆవిడ లెక్కలో అయిపోయిన సీజను. విత్తనాలు తీసేసుకుంది, కాడల్ని మంచుకు వదిలేసింది.

కానీ నన్ను విరిచేసింది అది కాదు. తను తిరిగి రానని ఆవిడకు తెలుసనే ఇంతకాలం నాకు నేను చెప్పుకుంటున్నాను. సాయంత్రానికి వస్తానన్నది నన్ను సముదాయించడానికే అనుకున్నాను. తెలిసి, సిద్ధపడి, ప్రశాంతంగా వెళ్ళిందని నమ్మి దాని మీద ఆనుకుని నిలబడ్డాను. ఆ గడ్డి చూస్తే తెలిసిపోయింది. ఆవిడ పోవడానికి సిద్ధపడలేదు. చలికాలానికి సిద్ధపడింది. తిరిగొచ్చి ఈ మంచులో కోళ్ళకు మేత వేద్దామనే వెళ్ళింది. సాయంత్రానికి వస్తానన్న మాట నిజంగానే అన్నది.

నోట్లో దుప్పటి కుక్కుకుని అరిచాను. మరదలు పరుగున వచ్చి నిలబడి, తెర చూసి, నా వీపు మీద చెయ్యి వేసింది.

బయట ఎవరో దగ్గారు. మెత్తన్న. ఒకే ఒక్క మూట. "మళ్ళీ విసిరేస్తారేమోనని తేలికైనది తెచ్చాను అన్నగారూ," అన్నాడు గుమ్మం అవతల నుంచే. "కాలవలో పడ్డది ఉతికాను. కుట్టు ఊడలేదు. అది చెబుదామని."

"కూర్చో అన్నయ్యా," అంది మరదలు.

"ఆర్డరు ఏమన్నా..."

"ఆగవయ్యా," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "కోళ్ళకి మేత వెయ్యాలి."

అతను ఇంటి చుట్టూ చూశాడు కోళ్ళెక్కడా అని. తర్వాత తెర చూశాడు. వ్యాపారంలో ముసలివాడైపోయాడు కాబట్టి ఏమీ అడగలేదు. మూట మీద కూర్చుని తను కూడా చూశాడు. నేను గడ్డి తెచ్చి తొట్టిలో వేశాను. తలల మీది గిన్నెలు ఒక్కొక్కటే పోయాయి.

"తినేశాయి," అన్నాడు మెత్తన్న, తన సరుకు అమ్ముడైనట్టు.

సాయంత్రమైంది ఆటలో. ఇక్కడ కట్టేస్తే ఈ మేత వేయనట్టే. రేపు మళ్ళీ ఇవే కోళ్ళు ఇలాగే ఆకలితో నిలబడతాయి. ఈ రోజును వాపసు ఇచ్చే వీల్లేదు. బొమ్మను మంచం దగ్గరికి నడిపించాను. చాలాసేపు నిలబెట్టాను. మరదలు నన్ను చూడకుండా, "పడుకోబెట్టు బావా, చలేస్తుంది దానికి," అంది.

పడుకోబెట్టాను.

దుప్పట్లు తీసుకున్నాను. రంగులు మరదలు ఎంచింది. కొట్టు తెరుస్తున్నాను, సగం రోజులు. అంతకు మించి బాగుపడ్డానని చెబితే అది నకిలీ సరుకు అమ్మినట్టవుతుంది. మధ్యాహ్నం వచ్చి కోళ్ళకు మేత వేసి, బొమ్మను పడుకోబెడతాను. ప్రతిసారీ ఆవిడ చేత్తో కోసి దాచిన గడ్డి కాస్త తరుగుతుంది. సరుకు తరిగితే సంతోషించాల్సిన వృత్తి నాది. నాది తూకం తెలిసిన కన్ను. ఒక్కసారి కొట్టం వైపు తిన్నగా చూశానంటే ఇంకా ఎన్నాళ్ళకు సరిపోతుందో తెలిసిపోతుంది.

అందుకే గడ్డి తీసే బటన్ నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటున్నాను.